పురుగు శరీరంలో మందు చేరే చోటు: కీటక గ్రాహకాలు, సస్యరక్షణ

వానాకాలం పత్తి పూత దశకు వచ్చేసరికి తెలుగు రాష్ట్రాల్లో గులాబీ రంగు పురుగు గురించి ఏటా అవే ప్రశ్నలు వినిపిస్తాయి. పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునేలా చేసే బీటీ జన్యువు విత్తనంలోనే ఉన్నప్పుడు కాయలోకి పురుగు ఎలా వస్తోంది? ఆడ పురుగు వాసనను ఎరగా పెట్టి మగ పురుగులను పట్టే లింగాకర్షక బుట్టల్లో రెక్కల పురుగులు కుప్పలుగా పడుతున్నా నష్టం ఎందుకు తగ్గడం లేదు? పిచికారీకి పిచికారీకి మందు మారుస్తున్నా పురుగు ఎందుకు చావడం లేదు? ఇవి మూడు వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి. అయితే బీటీ విషం, బుట్టలోని ఎర, డబ్బాలోని మందులలో చాలా భాగం పురుగు శరీరంలో పనిచేసేది ఒకే తరహా అణువుల ద్వారా. వాటినే గ్రాహకాలు అంటారు. గ్రాహకాన్ని అర్థం చేసుకుంటే ఈ పద్ధతుల బలం ఎక్కడుందో, అవి ఎక్కడ విఫలమవుతాయో రెండూ తెలుస్తాయి.

గ్రాహకం అంటే ఏమిటి, ఏది గ్రాహకం కాదు

ప్రతి జీవకణం చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది. ఆ పొరలో ఇమిడి ఉండి, బయటి నుంచి వచ్చిన ఒక నిర్దిష్ట రసాయనం తనకు అతుక్కున్నప్పుడు ఆకారం మార్చుకుని, ఆ కబురును కణం లోపలికి చేరవేసే ప్రోటీన్‌ను గ్రాహకం అంటారు. కొన్ని గ్రాహకాలు స్వయంగా సన్నని రంధ్రాలు. రసాయనం తగలగానే అవి తెరుచుకుని సోడియం, కాల్షియం, క్లోరైడ్ వంటి అయాన్లను, అంటే విద్యుదావేశం గల పరమాణువులను, లోపలికో బయటికో వదులుతాయి. మరికొన్ని కణం లోపల ఇతర ప్రోటీన్లను పనిలోకి దించుతాయి. ఇంకొన్ని పొరలో కాక కణం లోపలే ఉంటాయి. గొంగళి పురుగు కుబుసం విడిచే సమయాన్ని నిర్ణయించే ఎక్డైసోన్ హార్మోన్ గ్రాహకం అలాంటిది.

పురుగుమందులన్నీ గ్రాహకాల మీదే పనిచేయవు. మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటాయి. ఆ ఎంజైము మనిషిలోనూ అదే పని చేస్తుంది కాబట్టే ఆ మందులు మనుషుల ప్రాణాలు తీశాయి. సింథటిక్ పైరిథ్రాయిడ్లు నాడీకణంలోని సోడియం మార్గాన్ని మూసుకోకుండా పట్టి ఉంచుతాయి. అది రసాయన సందేశంతో కాక విద్యుత్ మార్పుతో తెరుచుకునే మార్గం కనుక, కచ్చితంగా చెప్పాలంటే దాన్ని గ్రాహకం అనకూడదు. గత మూడు నాలుగు దశాబ్దాల్లో వచ్చిన ముఖ్యమైన మందులలో ఎక్కువ భాగం మాత్రం గ్రాహకాలను ఎంచుకున్నవే. కీటకంలో ఉండి మనిషిలో లేని గ్రాహకమో, రెండింటిలో ఉన్నా ఆకారంలో తేడా ఉన్న గ్రాహకమో దొరికితే, పురుగుకు విషమై మనిషికి అంతగా హాని చేయని మందును తయారుచేసే వీలు కలుగుతుంది.

పొగాకు కషాయం నుంచి ఇమిడాక్లోప్రిడ్ దాకా

పేనుబంక మీద పొగాకు కషాయం చల్లడం పాత అలవాటు. అందులోని నికోటిన్ కీటకాల మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే సందేశ రసాయనం అందుకోవలసిన గ్రాహకానికి అతుక్కుంటుంది. ఎసిటైల్‌కోలిన్ తన పని కాగానే విచ్ఛిన్నమైపోతుంది, నికోటిన్ అలా పోదు. గ్రాహకం మళ్లీ మళ్లీ తెరుచుకుని నాడి అదుపు తప్పుతుంది, పురుగు వణికి పడిపోతుంది. చిక్కేమిటంటే మనిషి శరీరంలోనూ ఇదే రకం గ్రాహకాలున్నాయి, నికోటిన్ వాటికీ గట్టిగానే అతుక్కుంటుంది.

1991లో మార్కెట్లోకి వచ్చిన ఇమిడాక్లోప్రిడ్ ఈ చిక్కును చాలావరకు తప్పించింది. శరీరంలో నికోటిన్ ధనావేశంతో ఉంటుంది, మనిషి గ్రాహకానికి అది అనుకూలం. ఇమిడాక్లోప్రిడ్‌కు అలాంటి ఆవేశం లేదు. దాని కొసన ఎలక్ట్రాన్లను లాగే నైట్రో సముదాయం ఉంటుంది. కీటక గ్రాహకంలో అది చేరే చోట ధనావేశం గల అమైనో ఆమ్లాలు ఉన్నందున అక్కడ గట్టిగా నిలుస్తుంది. మన గ్రాహకంలో ఆ అమరిక లేదు. ఇంత చిన్న తేడా మీద ప్రపంచంలోనే అత్యధికంగా అమ్ముడయ్యే పురుగుమందుల కుటుంబం ఒకటి నిలబడింది. థయామిథాక్సామ్, ఎసిటామిప్రిడ్, క్లోథియానిడిన్ అన్నీ ఈ కుటుంబానివే. వీటిని నియోనికోటినాయిడ్లు అంటారు.

ఇక్కడ ఒక ఉదాహరణ చూద్దాం. ఒక రైతు ఇమిడాక్లోప్రిడ్‌తో శుద్ధి చేసిన పత్తి విత్తనం వేశారు. నెల రోజులకు పచ్చదోమ కనిపిస్తే ఎసిటామిప్రిడ్ కొట్టారు. మరో రెండు వారాలకు థయామిథాక్సామ్ కొట్టారు. డబ్బాలు వేరు, కంపెనీలు వేరు, పేర్లు వేరు. రైతు దృష్టిలో మందు మూడుసార్లు మారింది. పచ్చదోమ గ్రాహకం దృష్టిలో మాత్రం ఒక్కసారి కూడా మారలేదు. ఆ గ్రాహకంలో కాస్త తేడా ఉన్న దోమ ఏదైనా ఉంటే అది మూడు మందులనూ తట్టుకుని గుడ్లు పెడుతుంది. పురుగుల నిరోధక శక్తిని అధ్యయనం చేయడానికి 1984లో ఏర్పడిన ఐఆర్ఏసీ అనే అంతర్జాతీయ సంస్థ మందులను పేర్లను బట్టి కాక, అవి పనిచేసే చోటును బట్టి అంకెలతో వర్గీకరించడానికి కారణం ఇదే. ఆ పట్టికలో పై మూడూ 4ఎ కిందికే వస్తాయి. అదే రసం పీల్చే పురుగుల మీద వాడే ఫ్లోనికామిడ్ 29వ వర్గం, ఫిప్రోనిల్ 2బి. దుకాణంలో వినిపించే ‘కొత్త మందు’ అన్న మాటకు ఈ అంకె పక్కన లేకపోతే పెద్దగా అర్థం లేదన్నది నా అభిప్రాయం.

ఒకే గ్రాహకం మీద పనిచేసే మందులన్నీ ఒకే తీరుగా పనిచేస్తాయనుకోవడమూ పొరపాటే. వరిలో సుడిదోమ మీద వాడే ట్రైఫ్లూమెజోపైరిమ్ సరిగ్గా ఇదే గ్రాహకంలో, ఎసిటైల్‌కోలిన్ కూర్చునే చోటే కూర్చుంటుంది. కానీ తెరవడానికి బదులు మూసి ఉంచుతుంది. దోమ వణకదు, మందకొడిగా మారిపోతుంది. ఇమిడాక్లోప్రిడ్‌కు లొంగని సుడిదోమ కూడా దీనికి లొంగింది.

చావకముందే తిండి మానేసే పురుగు

మందు కొట్టిన మర్నాడు పొలంలో పురుగులు బతికి ఉండటం చూసి, మందు పనిచేయలేదని వెంటనే మరొకటి కొట్టడం తరచుగా జరుగుతుంది. గ్రాహకాన్ని బట్టి చావు తీరు మారుతుందని తెలిస్తే ఈ తొందర ఎంత అనవసరమో అర్థమవుతుంది.

కండరం ముడుచుకోవాలంటే కణం లోపలి నిల్వల నుంచి కాల్షియం విడుదల కావాలి. ఆ విడుదలను అదుపు చేసేది రయనోడిన్ గ్రాహకం. క్లోరాంట్రానిలిప్రోల్, ఫ్లూబెండయమైడ్ మందులు దాన్ని తెరిచి ఉంచుతాయి. నిల్వల్లోని కాల్షియం ఆగకుండా బయటికి వచ్చేస్తుంది, కండరాలు బిగుసుకుపోతాయి, దవడలు కదలవు. పురుగు పూర్తిగా చావడానికి రోజులు పట్టినా ఆకు కొరకడం కొద్ది గంటల్లోనే ఆగిపోతుంది. సుడిదోమ మీద వాడే పైమెట్రోజిన్ మరీ విచిత్రమైనది. కీళ్ల దగ్గర సాగుదలను పసిగట్టి, కాళ్లు ఎక్కడున్నాయో మెదడుకు తెలిపే అవయవాలు కీటకాలకు ఉంటాయి. పైమెట్రోజిన్ ఆ అవయవాల్లోని నాన్, ఐయావ్ అనే రెండు ప్రోటీన్లు కలిసి ఏర్పడే గ్రాహక మార్గం మీద పనిచేస్తుందని 2015లో తేలింది. అప్పటికే ఆ మందు చాలా ఏళ్లుగా వాడకంలో ఉంది! పట్టు తప్పిన దోమ దుబ్బు మీదే ఉంటుంది, కానీ రసం పీల్చలేక ఆకలితో చస్తుంది.

రయనోడిన్ గ్రాహకం కథలో నిరోధక శక్తి ఎంత చిన్న మార్పుతో వస్తుందో చక్కగా కనిపిస్తుంది. ఆ ప్రోటీన్‌లోని ఒక్కో భాగం సుమారు 5,000 అమైనో ఆమ్లాల గొలుసు. క్యాబేజీని ఆశించే డైమండ్ బ్యాక్ మాత్‌లో 4946వ స్థానంలోని గ్లైసిన్ పోయి గ్లుటామిక్ ఆమ్లం వచ్చింది. ఆ ఒక్క మార్పుతో ఈ మందులు దాని మీద పట్టు కోల్పోయాయి. ఇది మొదట ఫిలిప్పీన్స్, థాయిలాండ్ తోటల పురుగుల్లో బయటపడింది.

‘మనిషికి హాని తక్కువ’ అన్న మాటను ‘ఎవరికీ హాని లేదు’ అని చదవకూడదని కూడా ఈ మందులే చూపాయి. ఫ్లూబెండయమైడ్ నీటి అడుగున ఉండే చిన్న జీవులకు ప్రమాదమని అమెరికా పర్యావరణ సంస్థ 2016లో దాని అనుమతి రద్దు చేసింది. క్లోరాంట్రానిలిప్రోల్ పట్టుపురుగుకు తీవ్ర విషం. పట్టుపురుగు, కత్తెర పురుగు, శనగపచ్చ పురుగు అన్నీ ఒకే క్రమానికి చెందిన బంధువులు, వాటి గ్రాహకాల్లో తేడా చాలా తక్కువ. హిందూపురం, మదనపల్లె ప్రాంతాల్లో మల్బరీ తోట పక్కనే ఇతర పంటలు వేసే వారికి ఇది ప్రయోగశాల విషయం కాదు.

పేగులోని గ్రాహకం, బీటీ పత్తి

బీటీ పత్తి గురించిన చర్చల్లో జన్యువు మాట వినిపించినంతగా గ్రాహకం మాట వినిపించదు. బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే బాక్టీరియా తయారుచేసే క్రై ప్రోటీన్ పురుగు పేగులో కరిగి, పేగు గోడ కణాల మీద ఉండే కాడ్‌హెరిన్ వంటి గ్రాహకాలకు అతుక్కున్న తర్వాతే రంధ్రాలు చేస్తుంది. మనిషి పేగులో ఆ ప్రోటీన్‌కు తగిన గ్రాహకాలు లేవు. గొంగళి పురుగులో ఆ గ్రాహకం మారిపోతే విషం లోపలికి వెళ్లినా పట్టు దొరకదు. భారత్‌లో 2002లో క్రై1ఎసి జన్యువుతో, 2006లో దానికి క్రై2ఎబి తోడై బీటీ పత్తి వచ్చింది. క్రై1ఎసికి లొంగని గులాబీ రంగు పురుగు 2010 నాటికే గుజరాత్‌లో గుర్తించబడింది. ఆ తర్వాత కొన్నేళ్లకే రెండు విషాలనూ తట్టుకునే పురుగులు కనిపించాయి. భారతీయ పురుగులను పరీక్షించిన శాస్త్రవేత్తలకు వాటి కాడ్‌హెరిన్ జన్యువులో ఒకటి కాదు, అనేక రకాల విరుపులు కనిపించాయి.

ఇలా జరగవచ్చని ముందే ఊహించారు, దానికి విరుగుడుగానే నాన్ బీటీ విత్తనాన్ని జతచేశారు. ఆ లెక్క ఇలా ఉంటుంది. నిరోధక శక్తినిచ్చే జన్యురూపం వెయ్యిలో ఒకటి అనుకుందాం. ఈ లక్షణం సాధారణంగా తల్లి నుంచి, తండ్రి నుంచి రెండూ వస్తేనే బయటపడుతుంది. అంటే వెయ్యిని వెయ్యితో హెచ్చించగా, 10 లక్షల పురుగుల్లో ఒకటి మాత్రమే బీటీ కాయ తిని బతుకుతుంది. పక్కనే నాన్ బీటీ వరుసలుంటే అక్కడ పెరిగిన వేలాది మామూలు పురుగుల్లో ఒకదానితో అది జతకట్టే అవకాశమే ఎక్కువ. పుట్టే పిల్లలకు ఒక జన్యురూపం మాత్రమే వస్తుంది కాబట్టి అవి బీటీ కాయ తిని చస్తాయి. నాన్ బీటీ వరుసలు లేకపోతే, బతికిన పురుగుకు జత దొరికేది తనలాగే బతికిన మరో పురుగే. అక్కడి నుంచి సంతానమంతా నిరోధక శక్తితోనే పుడుతుంది. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో ఇచ్చిన 120 గ్రాముల నాన్ బీటీ విత్తనాన్ని చాలామంది వేయలేదు. పురుగు తినే పంటకు చోటిచ్చి నష్టపోవాలన్న సలహా చిన్న కమతం గల రైతుకు రుచించకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ నష్టాన్ని భర్తీ చేసే ఏర్పాటేదీ ఆ ప్యాకెట్‌తో రాలేదు.

ఇది మాత్రమే కారణమా అన్న దానిపై భిన్నాభిప్రాయాలున్నాయి. మన దేశంలో బీటీ పత్తి హైబ్రిడ్ రూపంలో వచ్చింది. హైబ్రిడ్ మొక్క కాయలోని గింజలన్నీ ఒకేలా ఉండవు. రెండు జన్యువులు విడివిడిగా పంచబడితే, ప్రతి 16 గింజల్లో సగటున 9లో రెండు విషాలూ, 3లో ఒకటే, మరో 3లో రెండోదే, 1లో ఏదీ లేకుండా ఉంటాయి. గులాబీ రంగు పురుగు తినేది గింజలనే కాబట్టి ఒకే కాయలో అది తక్కువ మోతాదులకు అలవాటు పడుతుందని, సగం నిరోధక శక్తి ఉన్నవి కూడా బతికిపోతాయని కొందరు శాస్త్రవేత్తల వాదన. దీనికి ఎదురుగా చైనా అనుభవం ఉంది. యాంగ్జీ నదీ లోయలో రైతులు హైబ్రిడ్ రెండో తరం విత్తనం వేయడంతో ప్రతి నాలుగు మొక్కల్లో సుమారు ఒకటి నాన్ బీటీ అయింది. ఆ మిశ్రమమే మామూలు పురుగులకు ఆశ్రయంగా పనిచేసి అక్కడి గులాబీ రంగు పురుగులో నిరోధక శక్తి తగ్గిందని 2017లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. ఈ రెండు వాదనలు ఒకదాన్నొకటి కొట్టివేయవు. చైనాలో విషం లేని పూర్తి మొక్కలు పొలమంతటా ఉన్నాయి, ఇక్కడ విషం లేనివి విషమున్న కాయలోని గింజలు మాత్రమే.

మీసాల మీది గ్రాహకాలు: వాసన

చంపకుండా పురుగును అదుపు చేసే మార్గం వాసన గ్రాహకాలది. 1959లో అడాల్ఫ్ బ్యూటెనాంట్ బృందం దాదాపు 5 లక్షల ఆడ పట్టుపురుగుల గ్రంథుల నుంచి మగ పురుగును రప్పించే బాంబికాల్ అనే రసాయనాన్ని వేరుచేసింది. దాన్ని పట్టుకునే గ్రాహకం ఏదో తెలియడానికి మరో 45 ఏళ్లు పట్టింది. 2004లో జపాన్ పరిశోధకులు దాన్ని గుర్తించారు. కీటకాల వాసన గ్రాహకాలు మన ముక్కులోని వాటికి బంధువులే కావు. వాసనను గుర్తించే ఒక ప్రోటీన్, దాదాపు అన్ని కీటకాల్లో ఒకేలా ఉండే ఆర్కో అనే తోడు ప్రోటీన్ కలిసి అయాన్ల మార్గంగా ఏర్పడతాయని 2008లో తేలింది.

మగ పురుగు పసిగట్టేది ఒక వాసనను కాదు, వాసనలు కలిసే పాళ్లను. గులాబీ రంగు పురుగు ఎరను గాసిప్లూర్ అంటారు, 1973లో దాని కూర్పు తెలిసింది. ఒకే అణువు యొక్క రెండు రూపాలు అందులో సగం సగం ఉంటాయి. శనగపచ్చ పురుగు ఎరలో రెండు ఆల్డిహైడ్లు సుమారు 97, 3 పాళ్లలో కలుస్తాయి. బుట్టలో ఎర మారిస్తే పట్టే పురుగు మారిపోవడం ఇందువల్లే. అంతేకాదు, ఇంకా గుడ్లు సిద్ధం కాని ఆడ శనగపచ్చ పురుగు విడిచే మరో రసాయనాన్ని మగ పురుగు వేరే గ్రాహకంతో పసిగట్టి దూరంగా ఉంటుంది. ఆ గ్రాహకపు జన్యువును తొలగిస్తే మగ పురుగు ఎదగని ఆడదానితోనే జతకట్టిందని 2017లో చైనా శాస్త్రవేత్తలు చూపారు.

ఇప్పుడు బుట్టల ప్రశ్నకు వద్దాం. ఒక చేలో 100 మగ, 100 ఆడ పురుగులున్నాయని, ఒక మగ పురుగు అయిదు ఆడ పురుగులతో జతకట్టగలదని అనుకుందాం. బుట్టలు 80 మగ పురుగులను పట్టినా మిగిలిన 20 చాలు, 100 ఆడ పురుగులూ గుడ్లు పెడతాయి. కొద్ది బుట్టలు పురుగు ఉనికిని తెలిపే సాధనమే తప్ప పురుగును తుడిచిపెట్టే ఆయుధం కావు. వరుసగా మూడు రోజులు బుట్టకు 8 చొప్పున రెక్కల పురుగులు పడితే చర్య తీసుకోవాలన్న ప్రమాణం ఆ ఉద్దేశంతో పెట్టిందే. మామిడిలో పండు ఈగకు వాడే మిథైల్ యూజినాల్ దీనికి మినహాయింపు. అది మగ ఈగలను ఎంత బలంగా లాగుతుందంటే, పురుగుమందుతో కలిపి దీవి అంతటా వేసి 1960లలో పసిఫిక్‌లోని రోటా దీవి నుంచి ఆ ఈగను పూర్తిగా తొలగించగలిగారు. దీవి కాబట్టి బయటి నుంచి మళ్లీ ఈగలు రాలేదు.

జతకట్టడాన్ని అడ్డుకునే పద్ధతి వేరు. ఎరను బుట్టలో కాక తాళ్లుగా, ముద్దలుగా చేనంతటా ఉంచి గాలిని ఆ వాసనతో నింపుతారు. మగ పురుగు దొంగ జాడల వెంట తిరుగుతుంది, దాని గ్రాహకాలు కూడా ఎడతెగని వాసనకు మొద్దుబారతాయి. ఒక్కో ఎర ఒక ఆడ పురుగుతో సమానమనుకుని లెక్క వేద్దాం. చేలో 400 ఎరలు, 4 ఆడ పురుగులు ఉంటే మగ పురుగు నిజమైన ఆడదాన్ని చేరే అవకాశం 404లో 4, అంటే సుమారు 1 శాతం. ఆడ పురుగులు 400 అయ్యాక అవే ఎరలు పెడితే అది 50 శాతం. పూత మొదట్లో పనిచేసిన తాళ్లు కాయ దశలో పనిచేయకపోవడానికి మూలం ఈ లెక్కలో ఉంది. పక్క చేలో జతకట్టి వచ్చిన ఆడ పురుగుకు ఈ వాసనతో పనే లేదు, అది నేరుగా గుడ్లు పెడుతుంది.

వాసనకు కూడా నిరోధక శక్తి వస్తుందా? వస్తుంది. జపాన్‌లోని షిజుఒకా టీ తోటల్లో ఆకుచుట్టు పురుగు మీద 1980లలో మొదలైన ఈ పద్ధతి 1990ల మధ్యకు విఫలమైంది. అక్కడ వాడిన ఎరలో ఒకే రసాయనం ఉండేది. ఆడ పురుగు సహజంగా విడిచే అన్ని రసాయనాలనూ కలిపిన ఎరతో ఫలితం మళ్లీ వచ్చింది.

గ్రాహకం తర్వాత మిగిలిన కథ

గ్రాహకమే సర్వస్వమనుకుంటే కొన్ని విషయాలు అర్థం కావు. పొలాల్లో సుడిదోమ ఇమిడాక్లోప్రిడ్‌ను తట్టుకోవడానికి ప్రధాన కారణం గ్రాహకం మారడం కాదు. సీవైపీ6ఈఆర్1 అనే ఎంజైము ఎక్కువగా తయారై మందును గ్రాహకం దాకా చేరకముందే విరగ్గొట్టడం. అదే కుటుంబపు మరో ఎంజైము తేనెటీగను కాపాడుతుంది. ఇమిడాక్లోప్రిడ్, థయాక్లోప్రిడ్ రెండూ తేనెటీగ గ్రాహకానికి గట్టిగానే అతుక్కుంటాయి, అయినా రెండోది దానికి వందల రెట్లు తక్కువ విషం. దాన్ని తేనెటీగ వేగంగా విచ్ఛిన్నం చేయగలగడమే కారణమని 2018లో వెల్లడైంది. యూరోపియన్ యూనియన్ ఆ ఏడాదే ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్, క్లోథియానిడిన్‌లను ఆరుబయట పంటలపై నిషేధించింది. తేనెటీగకు మెరుగనిపించిన థయాక్లోప్రిడ్‌కూ 2020లో అనుమతి పొడిగించలేదు, ఈసారి కారణాలు మనిషి ఆరోగ్యం, భూగర్భ జలాలు.

ఆర్కో విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. దాన్ని నేరుగా ప్రేరేపించే ఒక రసాయనాన్ని 2011లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో కనుగొన్నప్పుడు, అన్ని కీటకాల వాసన జ్ఞానాన్నీ ఒకేసారి గందరగోళపరిచే మందు రావచ్చని ఆశించారు. ఆ అణువు బరువైనది, గాలిలోకి సులభంగా ఆవిరి కాదు. అంతకంటే పెద్ద సమస్య, ఆర్కో తేనెటీగలోనూ ఉంది. ఆర్కోను తొలగించిన చీమలు తమ గూటిలోని సాటి చీమలతో కలిసి బతకలేకపోయాయని 2017 ప్రయోగాలు చూపాయి. పువ్వును వాసనతో వెతుక్కునే తేనెటీగ ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

ఒక్క పురుగుకే పనిచేసే మందు ఎవరికి కావాలి

గ్రాహకాల శాస్త్రం ఎంత ముందుకు వెళ్తే అంత గురి గల మందు సాధ్యమవుతుంది. గాసిప్లూర్ గులాబీ రంగు పురుగును తప్ప పక్కనున్న అక్షింతల పురుగును గానీ, తేనెటీగను గానీ తాకదు. కానీ గురి పెరిగే కొద్దీ మార్కెట్ చిన్నదవుతుంది. నాలుగైదు పంటల మీద పది పురుగులను చంపే మందుకు పెట్టుబడి పెట్టే కంపెనీ ఒకే పురుగుకు పనిచేసే ఎరకు అదే ఉత్సాహం చూపదు. రైతు వైపు నుంచి కూడా, ఒక చేలో రసం పీల్చే పురుగులు, కాయ తొలిచే పురుగులు కలిసి ఉన్నప్పుడు ఒక్కోదానికి ఒక్కో ఖర్చు భరించడం కష్టమే. విస్తృతంగా పనిచేసే మందును సమర్థించే వారి వాదన ఇక్కడే ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం.

అమెరికా నైరుతి ప్రాంతంలో గులాబీ రంగు పురుగును నిర్మూలించినట్లు ఆ దేశ వ్యవసాయ శాఖ 2018లో ప్రకటించింది. అక్కడ బీటీ పత్తి, గాసిప్లూర్, విమానాల నుంచి వదిలిన వంధ్య రెక్కల పురుగులు కలిపి వాడారు. రైతులు తమ వాటా డబ్బు వేసుకున్నారు, జిల్లాలకు జిల్లాలు ఒకే సమయంలో ఒకే పద్ధతి పాటించాయి. రెండు మూడు ఎకరాల చేలు గట్టు పక్కన గట్టుగా ఉండి, ఒకరు జూన్‌లో, మరొకరు జులైలో విత్తే చోట ఆ పద్ధతికి కావలసినది మరో కొత్త అణువు కాదు, ఊరంతా ఒకే వారంలో ఎర పెట్టుకునే ఏర్పాటు.